పింజారి బొంత

ఒక్క శనివారం నాడే మమ్మల్ని ఇద్దరు ముస్లిములు కాదన్నారు. ఒకాయన తిట్టి అన్నాడు. ఒకామె మెచ్చుకుని అన్నది. తిట్టు మాకు అలవాటే. మెచ్చుకోలు మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. అందుకే ఇది రాస్తున్నాం.

మేము అక్కచెల్లెళ్లం ఇద్దరం. పల్నాటి దూదేకుల పిల్లలం. ఇప్పుడు ఉండేది ఇంగ్లండులో, లాంకషైర్‌లోని ఒక పాత నూలు మిల్లుల ఊళ్లో. మాలో పెద్దది ఆసుపత్రిలో నర్సు. చిన్నది బడి వంటశాలలో పని చేస్తుంది. ఈ కథ ఇద్దరిదీ కాబట్టి ఇద్దరం కలిసే చెబుతున్నాం. మాకు మాకు పడని చోట అదీ దాచకుండా చెబుతాం.

ముందు మా సంగతి. దూదేకుల అంటే తెలుగువాళ్లకి సిద్ధయ్య ఒక్కడే గుర్తొస్తాడు. వీరబ్రహ్మం గారి శిష్యుడయ్యాడు కాబట్టి ఆయన మంచివాడు. మిగతా మా అందరికీ ఉన్నది ఒకటే పేరు, పింజారి. దూది ఏకేవాడని దాని అర్థం. తెలుగులో మాత్రం అది తిట్టు. సినిమాలో ఎవడో ఎవణ్నో "పింజారి వెధవా" అంటే హాలంతా నవ్వుతుంది. ఆ హాల్లో మేమూ కూర్చుని ఉంటామని ఎవరికీ తట్టదు.

మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. విల్లుకు కట్టిన నరాన్ని చెక్క గుండుతో కొడుతుంటే గడ్డకట్టిన పాత దూది పొగలా పైకి లేచేది. చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి పరుపూ, ప్రతి దిండూ ఆయన చేతి మీదుగా పోయిందే. ఆ పరుపుల మీద హాయిగా పడుకున్నవాళ్లే లేచి పింజారి అని తిట్టారు. దూది దుమ్ము పీల్చి పీల్చి తాత దగ్గుతోనే పోయాడు.

మా ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ రాదు. మా పేర్లు మస్తానమ్మ, సైదమ్మ, నాగూరమ్మ. ముందు సగం దర్గాది, వెనక సగం ఊరిది. పీర్ల పండగా మాదే, కోటప్పకొండ తిరునాళ్లా మాదే. అమ్మ బొట్టు పెట్టుకునేది. ఉర్దూ వచ్చిన తురకలు మమ్మల్ని తురకలే కాదన్నారు. మా పిల్లల్ని చేసుకోలేదు, వాళ్ల పిల్లల్ని మాకివ్వలేదు. హిందువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. సర్కారు ఒక్కటే మమ్మల్ని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టింది, బీసీల్లో బి గ్రూపులో.

ఇక ఆ శుక్ర, శని, ఆదివారాల కథ. 2024 అక్టోబరు నెల.

మా ఊళ్లో వారానికి ఒక సాయంత్రం ఆడవాళ్లు ఒకచోట చేరి గుడ్డపని చేస్తారు. కుట్లు, అల్లికలు, అతుకుల బొంతలు. బొంతని వాళ్లు క్విల్ట్ అంటారు. మొదటిరోజు మేము వెళ్లినప్పుడు మా కుట్టు చూసి ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. "ఈ కుట్టు ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది. మా నాయనమ్మ పాత చీరలు మడతలు వేసి బొంతలు కుట్టేదనీ, మా తాత దూది ఏకేవాడనీ చెప్పాం. ఆమె కళ్లు పెద్దవి చేసింది. తానూ పదిహేనో ఏట మిల్లులో చేరి దూది ఏకే గదిలోనే పని చేసిందట. ఆ గదిలో దుమ్ము మంచులా కురిసేదట. నేతగత్తెలు వీళ్లని చిన్నచూపు చూసేవాళ్లట. ఆదివారం సెలవు తర్వాత సోమవారం మళ్లీ ఆ దుమ్ములోకి అడుగు పెట్టగానే ఛాతీ బిగుసుకుపోయేదట. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సోమవారం జ్వరం. మాలో పెద్దది నర్సు కదా, ఆ జబ్బు పేరు ఆమెకు తెలుసు. బిస్సినోసిస్. మా తాతకి ఉన్నదీ అలాంటి దుమ్ము దగ్గే, పేరు పెట్టినవాడే లేడు.

అంటే ఆ పెద్దావిడ కూడా పింజారే. తెల్ల పింజారి. ఆ రోజు ఇంటికొస్తూ మేము ఎంత నవ్వుకున్నామో!

నవ్వుతో పాటు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే హెల్మ్‌షోర్‌లో పాత మిల్లుని మ్యూజియం చేశారు. దూది ఏకే యంత్రాలు అక్కడ ఇంకా ఉన్నాయి. ఆర్క్‌రైట్ అనే ఆయన 1775లో అటువంటి యంత్రాల మీద పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ యంత్రం సంతానమే తర్వాత తర్వాత మా పల్నాడుకీ వచ్చింది. కరెంటుతో తిరిగే ఏకుడు మిషను ఊళ్లోకి రాగానే మా విల్లు అటకెక్కింది. ఏ దేశపు యంత్రం మా తాత పని తీసేసిందో ఆ దేశానికే మేము పని వెతుక్కుంటూ వచ్చాం. ఆ యంత్రం ముందు నిలబడితే కోపం రావాలి. మాకు ఆ పెద్దావిడ దగ్గు వినిపించింది. యంత్రం ఆమెని మాత్రం బాగుచేసిందా?

ఆమె భర్త ఆ మధ్యే పోయాడు. ఆయన ఊరి బీరు అభిమానుల సంఘంలో మనిషి. ఆ సంఘం ఏటా శరదృతువులో ఒక హాలు అద్దెకి తీసుకుని బీరు పండగ చేస్తుంది. పని చేసేవాళ్లెవరికీ జీతం ఉండదు. ఏటికొక టీషర్టు ఇస్తారు, అన్నం పెడతారు, అంతే. ఆయన పోయేనాటికి బీరువాలో ఇరవై టీషర్టులు పోగుపడ్డాయి. వాటిని పారేయలేదు, చూడనూ లేదు ఆమె. "వీటితో ఒక బొంత కుట్టి పెట్టగలరా? పండగలో దాన్ని పెట్టి వచ్చిన డబ్బు ఆయన చివరి రోజులు గడిపిన ఆశ్రమానికి ఇస్తా" అని అడిగింది. చివరి రోజుల రోగుల్ని చూసుకునే అటువంటి చోట్లు ఇక్కడ చాలావరకు చందాల మీదే నడుస్తాయి.

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బీరు పండగ టీషర్టులు! ఒకదాని మీద నురగ కారే గ్లాసు, ఇంకోదాని మీద పీపా మోసే గొర్రె.

బీరు మేము ముట్టం. "మీ మతం ఒప్పుకోదు కదా" అంటారు అందరూ. అవును, ఒప్పుకోదు. కానీ మతం కంటే ముందు మా అమ్మ వీపు ఒప్పుకోదు. నాయన సారా తాగొచ్చి కొట్టిన దెబ్బలు ఆ వీపు మీద మేము చూశాం. పసుపూ ఆముదమూ మేమే రాశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని తెలిసి మా ఊరి ఆడవాళ్లూ కదిలారు. మాలమాదిగలూ, వడ్డెరలూ, మేమూ. మా అమ్మ చంకలో చిన్నదాన్ని వేసుకుని సారా దుకాణం ముందు కూర్చుంది. 1993 అక్టోబరులో సర్కారు సారాని నిషేధించేదాకా ఆ ఆడవాళ్లు ఊరుకోలేదు. అప్పుడు ఆ గుంపులో ఎవరూ అమ్మని నువ్వు తురకదానివా అని అడగలేదు. దెబ్బలు తిన్న వీపులకి మతం లేదు.

ఆ 1992లోనే డిసెంబరు 6 కూడా వచ్చింది. మసీదు కూలిన మర్నాడు మా వీధి పెద్దమనిషి ఒకాయన ఇంటిముందు ఆగి నాయనతో అన్నాడు, "మీకేం భయం లేదురా. మీరు అలాంటి తురకలు కాదుగా." నాయన చేతులు జోడించాడు. మాలో పెద్దది అప్పుడు గుమ్మంలోనే ఉంది. అలాంటి తురకలంటే ఎలాంటి తురకలో దానికి అర్థం కాలేదు. నాయన ఎందుకు దణ్ణం పెట్టాడో అంతకంటే అర్థం కాలేదు.

ఈ రెండూ మా లోపల పెట్టుకునే మేము ఆ టీషర్టులు ముందేసుకున్నాం.

శుక్రవారం రాత్రికి పై ముక్క పూర్తయింది. టీషర్టు గుడ్డ సాగుతుంది. అందుకే బొమ్మ ఉన్న చోట చదరంగా కత్తిరించి, వెనక జిగురు గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే గాని కుట్టుకి ఒదగదు. నాలుగేసి చొప్పున అయిదు వరసలు. మధ్యలో నీలం పట్టీలు. లోపల దూది పరుపు పొర. ఇక అడుగు గుడ్డ కావాలి. చిన్నది లేచి వెళ్లి పెట్టెలోంచి అమ్మ చీర తెచ్చింది. చీరాల నేత చీర, కట్టి కట్టి వెన్నలా మెత్తబడింది. బొంతకి అడుగున అమ్మ చీర ఉండాలనేది మా ఇంటి ఆచారం.

పెద్దది చెయ్యి అడ్డం పెట్టింది. "సారా కొట్టు ముందు కూర్చున్న మనిషి చీరని బీరు బొమ్మల కింద కుడతావా?"

"ఇది పోయిన మనిషి బొంత. బీరు బొంత కాదు."

"పోయిన మనిషి బొమ్మ ఒక్కటన్నా ఉందా దీని మీద?"

ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకోలేదు. ఎవరిది రైటో ఇప్పటికీ తేలలేదు. చివరికి అమ్మ చీర పెట్టెలోకే వెళ్లింది. బజార్లో కొన్న తెల్ల గుడ్డ అడుగున వేసి, నాయనమ్మ కుట్టే వరస కుట్టు వేశాం. తెల్లవారుజామున మూడింటికి అంచు తిప్పడం అయింది.

ఈ దేశంలో బొంత కుట్టినవాళ్లు వెనక మూల చిన్న గుడ్డముక్క మీద పేరు కుట్టి పెడతారు. ఏం పేరు పెడదాం? మా ఇద్దరి పేర్లూ పెడదామంది పెద్దది. చిన్నది తెలుగులో మూడక్షరాలు రాసి చూపించింది. పింజారి.

"బుద్ధుందా? తిట్టుని కుడతావా?"

అప్పుడు చిన్నది నాజర్‌ని గుర్తు చేసింది. పొన్నెకల్లు నాజర్. బుర్రకథతో తెలుగునేలంతా ఊపిన మనిషి, పద్మశ్రీ కూడా వచ్చిన మనిషి, మా దూదేకులాయన. తన జీవిత కథ పుస్తకంగా వస్తే దానికి ఏం పేరు? పింజారి. ఆయన అట్ట మీద వేసుకోగా లేనిది మనం మూలన కుట్టుకోలేమా? పెద్దది ఏమీ అనకుండా ఎర్ర దారం తీసి సూదికి ఎక్కించి ఇచ్చింది.

శనివారం పొద్దున బొంత మోసుకుని హాలు దగ్గరికి చేరాం. పెద్దావిడకి ఒక మాట ముందే చెప్పి ఉన్నాం. బొంతని లాటరీ పెట్టొద్దు, మాకు జూదమూ పనికిరాదు, వేలం పెట్టండి అని. ఆమె నవ్వి సరేనంది. ఇంకో మాట, మేము బీరు పొయ్యం, మొయ్యం. పిండినవాడి నుంచి పోసేవాడిదాకా పదిమందికి శాపమని హదీసు ఉంది. మరి గ్లాసులు ఇవ్వొచ్చా? దాని మీద మేమిద్దరం బస్సులో వాదించుకున్నాం. ఖాళీ గ్లాసుకి పాపం ఏమిటని చిన్నది, నిండేది దేనితో అని పెద్దది. చివరికి మాకు తేలిన పని రెండు బల్లలు. ఒకటి బొంత బల్ల. ఇంకోటి మంచినీళ్ల బల్ల. మద్యం అమ్మే చోట అడిగినవాళ్లకి మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇక్కడి చట్టం.

హాలు గుమ్మం ముందే ఆయన ఎదురయ్యాడు. మసీదు కమిటీలో పెద్దమనిషి, మన దేశం నుంచే వచ్చినవాడు. మా తలమీద గుడ్డ చూశాడు, పైన కట్టిన బీరు పండగ బ్యానరు చూశాడు. "ఆప్ లోగ్ ముసల్మాన్ హై భీ కి నహీఁ?" అన్నాడు. అర్థమైంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వచ్చింది మాకు. "ఇండియా ముస్లిములై ఉండి ఉర్దూ రాదా?" అని రెండో రాయి వేశాడు. దూదేకులవాళ్లమని చెబితే మొహంలో ఏదో తేలికైంది. ఓహో, అదా సంగతి, అన్నట్టు. ఆ తేలికదనం మా ఊరి జామా మసీదు దగ్గర చూసిందే. ఎనిమిదివేల కిలోమీటర్లు దాటి వచ్చినా మా వెనకే వచ్చింది.

ఆయన అడిగినదాంట్లో న్యాయం లేదని అనం. ఆ చోటుకి వెళ్లొచ్చా అని మమ్మల్ని మేమే పదిసార్లు అడుక్కున్నాం. తప్పంటే తప్పే, అల్లాకి మేము జవాబు చెప్పుకుంటాం. కానీ ఆయన అడిగింది వెళ్లొచ్చా అని కాదు, మీరు మావాళ్లేనా అని. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకెవరిచ్చారు?

లోపల మేము ఊహించుకున్నది లేదు. గోడ పొడుగునా చెక్క అరల మీద పీపాలు పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోటి తొమ్మిది గ్యాలన్లు, అంటే నలభై లీటర్ల పైమాట. పీపాలోపల ఇంకా ఈస్టు బతికే ఉంటుందట, బీరు అక్కడే పొంగి తయారవుతుందట. అందుకే రెండు మూడు రోజుల ముందే తెచ్చి కదపకుండా ఉంచి, మడ్డి దిగనిచ్చి, చల్లగా ఉండాలని తడిగుడ్డలు కప్పుతారు. మాకు కల్లు లొట్టి గుర్తొచ్చింది. అదీ బతికున్న సరుకే కదా. పెద్ద కంపెనీలు ఆ బతికున్న బీరుని చంపి గ్యాసు ఎక్కించి అమ్ముతున్నాయని 1971లో నలుగురు మనుషులు కామ్రా అనే ఉద్యమం పెట్టారు. అదే పెరిగి 1977లో లండనులో దేశమంతటికీ కలిపి పెద్ద పండగ మొదలుపెట్టింది. ఊళ్లలో ఇలాంటివి ఎన్నో. సారా మానడానికి ఉద్యమం చేసిన ఊరు మాది, బీరు నిలబెట్టడానికి ఉద్యమం చేసిన ఊరు వాళ్లది!

పింటులో మూడో వంతు పట్టే గీత గ్లాసు మీద ఉంటుంది. ముసలాళ్లు ఆ గీతదాకా పోయించుకుని, ఒక్కో గుటకా తాగి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. అరుపులు లేవు. పెళ్లాన్ని కొట్టే మొహం ఎవరిదా అని మాలో పెద్దది చూస్తూనే ఉంది. ఏ మొహంలోనూ కనపడలేదు. నాయన మొహంలో మాత్రం పగటిపూట ఎప్పుడు కనపడింది గనక? సాయంత్రానికి గొంతులు పెరిగాయి. ఒకడు తూలి నీళ్ల బల్లని పట్టుకున్నాడు. పెద్దది అలవాటుగా పక్కకి జరిగింది, చిన్నప్పుడు జరిగినట్టే. వాడు సారీ చెప్పి రెండు గ్లాసుల నీళ్లు తాగి వెళ్లాడు. దాని చెయ్యి మాత్రం చాలాసేపు వణికింది. మతం కాదు వణికించింది.

ఇక ఆ మెచ్చుకోలు. మాతోపాటు స్వచ్ఛందంగా పనిచేసే ఆమె. చాలా మంచి మనిషి. మాకు వేరుగా మాంసం లేని అన్నం తెచ్చిపెట్టింది. సాయంత్రం బొంత నిమురుతూ అన్నది, "మీరిద్దరూ ఎంత బాగా కలిసిపోయారో! మీరు వాళ్లలాంటి వాళ్లు కాదు. అసలు ముస్లిములే అనిపించదు."

వాళ్లంటే ఎవరు? ఆ ఏడాది జూలై 29న సౌత్‌పోర్టులో ఒక కుర్రాడు ముగ్గురు పసిపిల్లల్ని పొడిచి చంపాడు. వాడు ముస్లిమని అబద్ధం పుట్టించారు. మర్నాడు అక్కడి మసీదు మీద ఇటుకలు పడ్డాయి. తర్వాత వారమంతా ఊరు తర్వాత ఊరు తగలబడింది. ఆ వారం పెద్దది రాత్రి డ్యూటీకి తలమీద గుడ్డ తీసేసి, కోటు టోపీ కప్పుకుని వెళ్లింది. దానికి ఆ సిగ్గు ఇంకా ఉంది. ఇటుక వేసేవాడు మమ్మల్ని ఆపి, మీరు వాళ్లా కాదా అని అడిగి వేస్తాడా?

1992లో వీధి పెద్దమనిషి అన్న మాట, ముప్ఫై రెండేళ్ల తర్వాత ఇంగ్లీషులో విన్నాం. నాయనలా మా చేతులు కూడా జోడించుకోబోయాయి. థాంక్యూ అనేశాం కూడా. మనసు మాత్రం ఊరుకోలేదు. బల్లలు సర్దేటప్పుడు చిన్నది వెనక్కి వెళ్లి ఆమెతో అన్నది, "మేము వాళ్లమేనండి. వాళ్లలో వాళ్లమే."

ఆమె మొహం ఎర్రబడింది. "నేను మంచిమాటగానే అన్నాను."

"తెలుసండీ. చెడుగా అంటే చెప్పి ఉండేవాళ్లం కాదు."

ఆదివారం మధ్యాహ్నం వేలం. పెద్దావిడ ముందు వరసలో కూర్చుంది. పాట రెండొందల పౌన్ల దగ్గర ఆగిపోతుందనుకుంటే ఆయనతో పనిచేసిన ముసలాళ్లు జేబులు తడుముకుని చందా వేసుకుని మూడొందల నలభైకి పాడారు. బొంతని ఏటా పండగ నాడు హాల్లో గోడకి వేలాడదీస్తారట. పెద్దావిడ దాన్ని ఒళ్లో వేసుకుని ఒక్కో చదరం మీద వేలు పెట్టి ఏ సంవత్సరమో చెప్పింది. వెనక్కి తిప్పి మూల ఉన్న ఎర్ర అక్షరాలు చూసి ఏమిటన్నది. దూది ఏకేవాళ్ల పేరు అన్నాం. తిట్టని కూడా చెప్పాం. "మరి కుట్టారెందుకు?" అంది. "మీరూ ఆ గదిలో పనిచేశారు కదా" అన్నాం. ఆమె ఆ అక్షరాల మీద కాసేపు చెయ్యి ఉంచింది.

గోడకి వేలాడదీస్తే ఆ మూల గోడవైపుకి పోతుంది. ఎవరికీ కనపడదు. అయినా అక్కడ ఉంటుంది.

రాత్రి అమ్మకి ఫోను చేసి అంతా చెప్పాం. చీర సంగతి మాత్రం దాచాం. కాసేపు మాట్లాడలేదు.

"అంటే మీరిద్దరూ సారా కొట్టులో కూర్చున్నారా?"

"సారా కాదమ్మా, బీరు. మేము మంచినీళ్లు పోశాం."

"నేను బయట కూర్చున్నా, మీరు లోపల కూర్చున్నారు" అంది. అది తిట్టో, లెక్కో మాకు తెలియలేదు. "కొట్టేవాళ్లెవరన్నా ఉన్నారా అక్కడ?"

"కనపడలేదమ్మా."

"కనపడరు" అంది అమ్మ. తర్వాత, "బొంతకి ఎంతిచ్చారు?" అని అడిగింది.

చెప్పాం. రూపాయల్లో లెక్క కట్టుకుని, "పింజారోళ్ల బొంతకి అంత ఇచ్చారా!" అంది. ఆ మాట అమ్మ నోట తిట్టు కాకుండా రావడం మేము వినడం అదే మొదటిసారి.